ఒక్క ధమని, వేయి చుక్కలు: రక్తప్రవాహ సిద్ధాంతమునకు సాక్ష్యమెంత?

మన ధమనులలో క్రొవ్వు అంతటా ఒకే తీరుగా పేరుకొనదు. తిన్నగా సాగే భాగములలో గోడ చాలాకాలము నున్నగానే ఉంటుంది. ధమని రెండుగా చీలే చోట, కొమ్మ బయలుదేరే ముఖద్వారము చుట్టూ, వంపు తిరిగిన చోట లోపలి అంచున మచ్చలు ముందుగా కనబడతాయి. రక్తములోని కొలెస్టరాలు శరీరమంతటా ఒక్కటే. పొగత్రాగుట, మధుమేహము, రక్తపు పోటు అన్ని ధమనులకూ వర్తించే కారణములే. మరి ఒకే ధమనిలో ఒక చోటు చెడి, దానికి అంగుళము దూరములోని మరొక చోటు బాగుండుటకు కారణమేమి?

ఈ ప్రశ్నకు నేడు వైద్యగ్రంథములలో సాధారణముగా కనబడే సమాధానము ఇది: రక్తప్రవాహపు ఒరిపిడి తక్కువగా ఉండే చోట, లేదా ఆ ఒరిపిడి ముందుకు వెనుకకు ఊగిసలాడే చోట, వ్యాధి మొదలవుతుంది. ఈ సమాధానము ఎంతవరకు ఋజువైనది? ఋజువుగా చూపిన లెక్కలను ఏ పద్ధతిలో కట్టినారు? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ పరిశీలిద్దాము. సిద్ధాంతము తప్పని తేల్చుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. దానికి లభించిన సాక్ష్యమును లెక్కపెట్టిన తీరులో లోపములున్నవి. అవి ఉన్నత పాఠశాల విద్యార్థి సైతము పెన్సిలు, కాగితము పట్టుకొని గ్రహించగలిగినంత మౌలికమైనవి.

ఒరిపిడి అంటే ఏమి?

గొట్టములో ద్రవము ప్రవహించేటప్పుడు నడిమి భాగము వేగముగాను, గోడ ప్రక్కన ఉన్న భాగము నెమ్మదిగాను పోతుంది. గోడకు ఆనుకొన్న పొర అసలు కదలదు. పొరల వేగములలోని ఈ తేడా వలన ద్రవము గోడను తాను పోయే దిశలోనికి లాగుతుంది. గోడమీద ఒక్కొక్క ప్రమాణ వైశాల్యముపై పనిచేసే ఈ బలమును భౌతికశాస్త్రములో విరూపణ ప్రతిబలము అంటారు. ఇంగ్లీషు గ్రంథములలో దీని పేరు షియర్ స్ట్రెస్. సౌకర్యము కొరకు మనము దీనిని ఒరిపిడి అందాము. తిన్నని గొట్టములో ఇది ప్రవాహ పరిమాణమునకు అనులోమానుపాతములోను, వ్యాసార్ధపు ఘనమునకు విలోమానుపాతములోను ఉంటుంది.

ధమనులలో ఈ ఒరిపిడి చాలా స్వల్పము, సుమారుగా ఒకటి రెండు పాస్కళ్ళు. 100 మిల్లీమీటర్ల పాదరసపు రక్తపోటు అంటే దాదాపు 13,300 పాస్కళ్ళు. ఆ పోటుతో పోల్చితే ఒరిపిడి వేయింట ఒక వంతు కూడా లేదు. అయినప్పటికీ ధమని లోపలి పొరలోని కణములు దీనిని పసిగట్టగలవు. ప్రవాహము ఒకే దిశలో స్థిరముగా సాగే చోట అవి ఆ దిశలోనే బారులు తీరి ఉంటాయి.

సిద్ధాంతము పుట్టిన తీరు

1968లో అమెరికాకు చెందిన డోనాల్డ్ ఫ్రై కుక్కల బృహద్ధమనిలో రక్తవేగమును కృత్రిమముగా పెంచి, ఒరిపిడి సుమారు 38 పాస్కళ్ళు దాటినపుడు లోపలి పొర దెబ్బతినుటను చూపినాడు. దీనినిబట్టి ఒరిపిడి ఎక్కువైన చోట వ్యాధి వస్తుందని భావించుటకు వీలు కలిగినది. మరుసటి సంవత్సరమే, అనగా 1969లో, లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన కాలిన్ కారో, ఫిట్జ్‌జెరాల్డ్, ష్రోటర్ అనేవారు సరిగా దీనికి విరుద్ధమైన మాట చెప్పినారు. మానవ ధమనులలో తొలి మచ్చలు ఒరిపిడి తక్కువగా ఉండదగిన చోట్లలోనే ఉన్నవని వారు చూపినారు. 1985లో డేవిడ్ కూ, గిడెన్స్, జారిన్స్, గ్లాగోవ్ అనేవారు మెడలోని కరోటిడ్ ధమని చీలికకు నమూనా చేసి, అందులో గుండె చప్పుళ్ళకు అనుగుణముగా ద్రవమును నడిపి వేగములను కొలిచినారు. శవపరీక్షలో చూచిన గోడ మందముతో ఆ కొలతలను పోల్చి, ఒరిపిడి తగ్గుటతోపాటు దాని ఊగిసలాట కూడా ముఖ్యమని చెప్పినారు.

అప్పటినుండి ఈ సిద్ధాంతము స్థిరపడినది. 1999లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్షలో 1.5 పాస్కళ్ళకు మించిన ఒరిపిడి గోడకు రక్ష అనియు, 0.4 పాస్కలుకు లోపు ఉన్నది కీడు అనియు హద్దులు కూడా గీసినారు.

ఈ సిద్ధాంతము ఇంత సులభముగా మనసుకు పట్టుటకు ఒక కారణమున్నది. కాలువ వంపులో నీరు నిదానించిన చోట ఒండ్రు మేట వేయుట మనమందరము చూచినదే. ధమనిలోను అట్లే జరుగుతుందని అనిపిస్తుంది. కాని ధమనిలోని క్రొవ్వు నీటి అడుగున దిగిన ఒండ్రు వంటిది కాదు. అది గోడ లోపలికి చొరబడి, అక్కడి కణముల చర్యలతో పెరిగేది. పోలిక మనసుకు నచ్చినంత మాత్రాన అది సాక్ష్యము కాజాలదు.

2013 నాటి సమీక్ష

2013లో పైఫర్, షెర్విన్, వైన్‌బర్గ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అప్పటివరకు వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించినారు. వారు కూడా ఇంపీరియల్ కళాశాలవారే. సిద్ధాంతము పెరిగిన ఇంటినుండే విమర్శ కూడా రావడము గమనింపదగినది. కంప్యూటరుతో గణించిన ఒరిపిడి పటమును, వ్యాధి పటమును పోల్చిన పత్రములను మాత్రమే వారు ఎన్నుకొన్నారు.

వారు తేల్చిన సంగతులు స్థూలముగా ఇవి. తమ ఫలితములు సిద్ధాంతమునకు అనుకూలమని చాలామంది వ్రాసినారు. కాని సిద్ధాంతమును ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా అర్థము చేసికొన్నారు. వ్యాధిని ఒకరు గోడ మందముతో కొలిస్తే మరొకరు మరొక విధముగా కొలిచినారు. ప్రవాహమును కొలిచే సూచికలు కూడా పలు రకములు. ధమని ఉపరితలమును చుక్క చుక్కగా విభజించి, ప్రతి చుక్కవద్ద ఒరిపిడిని, వ్యాధిని క్రమపద్ధతిలో పోల్చిన పరిశోధనలన్నియు ఆశించిన సంబంధమును కనుగొనలేకపోయినవి. సాక్ష్యము అందరూ అనుకొన్నంత గట్టిది కాదని వారు ముగించినారు.

సమీక్షకులు మరొక మాట కూడా అన్నారు. వ్యాధికి తెలిసిన అమరికలలో కొన్నిటిని మాత్రమే పరిశోధకులు ఎన్నుకొన్నారు. ఉదాహరణకు కుందేళ్ళ బృహద్ధమనిలో కొమ్మల ముఖద్వారము చుట్టూ క్రొవ్వు చేరే చోటు వయస్సుతోపాటు మారుతుంది. చిన్న వయస్సులో అది కొమ్మకు దిగువ ప్రక్కన ఉంటే, ముదిరిన వయస్సులో ఎగువకు, ప్రక్కలకు జరుగుతుంది. తక్కువ ఒరిపిడి ఒక్కటే కారణమైతే రెండు అమరికలకూ అదే కారణమని చూపవలసి ఉంటుంది.

పొరుగు చుక్కలు వేరు వేరు సాక్షులు కావు

ఇక లెక్కల విషయము. కంప్యూటరు సహాయముతో ఒక ధమని గోడమీద వేలకొలది చుక్కలు పెట్టి, ప్రతి చుక్కకు ఒరిపిడిని గణించవచ్చును. వేయి చుక్కలున్నవి కాబట్టి మనకు వేయి పరిశీలనలున్నవని చెప్పవచ్చునా?

ఊరిలో దొంగ ఏ దారిన పోయినాడో తెలిసికొనుటకు ఒకే అరుగుమీద కూర్చున్న పదిమందిని అడిగినామనుకొందము. పదిమందీ ఒకే మాట చెప్పుతారు. వారంతా చూచినది ఒకే దృశ్యము. వారి మాటలను పది సాక్ష్యములని వ్రాసికొనుట న్యాయము కాదు. ధమనిమీది చుక్కలు కూడా ఇటువంటివే. ఒక చుక్కవద్ద ఒరిపిడి తక్కువగా ఉంటే దాని ప్రక్క చుక్కవద్ద కూడా తక్కువగానే ఉంటుంది. క్రొవ్వు మచ్చ కూడా ఒక చుక్కతో ఆగదు. పొరుగు విలువలు ఒకదానినొకటి పోలియుండే ఈ గుణమును సాంఖ్యకశాస్త్రములో స్వయం సహసంబంధము అంటారు.

ఇది క్రొత్తగా కనుగొన్న చిక్కు కాదు. స్టూడెంట్ అనే మారుపేరుతో వ్రాసిన గోసెట్, కాలములోగాని స్థలములోగాని ఉన్న స్థానము వలన పుట్టే దొంగ సహసంబంధమును తొలగించుట గురించి 1914లోనే ఒక పత్రము ప్రకటించినాడు. 1935లో బార్ట్‌లెట్ అటువంటి వరుసలను పోల్చేటప్పుడు నిజమైన పరిశీలనలు ఎన్ని అని లెక్కవేయుటకు ఒక సూత్రము ఇచ్చినాడు. దానిని ఇక్కడ ప్రయోగించి చూద్దాము.

ధమని పొడవునా ఒక గీత గీసి 100 చుక్కలు పెట్టినామనుకొందము. ఒరిపిడిలో పొరుగు చుక్కల మధ్య సహసంబంధము 0.9. వ్యాధి మందములో కూడా 0.9. చుక్కల మధ్య దూరము పెరిగినకొద్దీ ఇది అదే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది. రెండింటి లబ్ధము 0.81. బార్ట్‌లెట్ సూత్రము ప్రకారము నిజమైన పరిశీలనల సంఖ్య:

100 × (1 − 0.81) ÷ (1 + 0.81) = సుమారు 10.5

నూరు చుక్కలు పెట్టిన పరిశోధకుని చేతిలో ఉన్నవి పది పరిశీలనలు మాత్రమే. ఇప్పుడు ఒరిపిడికి, వ్యాధికి మధ్య సహసంబంధ గుణకము 0.4 వచ్చినదనుకొందము. 100 స్వతంత్ర పరిశీలనలుంటే, యాదృచ్ఛికమని త్రోసివేయుటకు గుణకము 0.197 దాటితే చాలును. ఇది 5 శాతము హద్దు. కాబట్టి 0.4 అన్నది బ్రహ్మాండమైన ఫలితముగా కనబడుతుంది. పది పరిశీలనలే ఉన్నపుడు అదే హద్దు 0.632. అప్పుడు 0.4 అన్నది ఏమీ తేల్చని ఫలితము. అంకెలు మారలేదు. లెక్కపెట్టిన తీరు మారినది, తీర్పు తలక్రిందులైనది.

చుక్కలు ఇంకా దగ్గరగా పెట్టి 200 చేస్తే సాక్ష్యము పెరుగుతుందా? దూరము సగమైనపుడు పొరుగు సహసంబంధము 0.9 యొక్క వర్గమూలమవుతుంది, అనగా సుమారు 0.95. రెండింటి లబ్ధము 0.9. సూత్రములో 200 × 0.1 ÷ 1.9 వేస్తే మరల 10.5 వస్తుంది. చుక్కలు రెట్టింపైనవి, తెలిసిన సంగతి మాత్రము ఎక్కడిదక్కడే ఉన్నది. కంప్యూటరు శక్తి పెరిగినకొద్దీ పటములు అందముగా రావచ్చును. దానివలన సాక్ష్యము పెరిగినదని భ్రమపడరాదు.

గీతకు బదులు ఉపరితలమును తీసికొంటే లెక్క మరింత కఠినమవుతుంది. రెండు వైపులా నూరేసి చుక్కలు, రెండు దిశలలోను పైన చెప్పిన పోలికయే ఉంటే 10,000 చుక్కలకు సుమారు 110 పరిశీలనలు మిగులుతాయి. ఇటువంటి ఉపరితలముల కొరకు క్లిఫర్డ్, రిచర్డ్‌సన్, ఎమోన్ అనేవారు 1989లో ఒక సవరణ పద్ధతి ఇచ్చినారు. పద్ధతులు లేక ఎవరూ ఆగిపోనక్కరలేదు. ఉన్నవాటిని వాడనప్పుడే ఆక్షేపించవలసి వస్తుంది.

గుంపు చేస్తే గుణకము పెరుగును

చుక్కల చిక్కు తప్పించుకొనుటకు కొందరు ధమనిని పెద్ద పెద్ద భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు సగటు తీస్తారు. ఇందులో మరొక ఉచ్చు ఉన్నది. 1934లో గెల్కీ, బీల్ అనే ఇద్దరు అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమును తీసికొని, ఇండ్ల అద్దెకు, బాలనేరములకు ఉన్న సంబంధమును లెక్కించినారు. నగరమును 252 భాగములుగా చూచినపుడు గుణకము −0.502. పొరుగు భాగములను కలుపుతూ 25 చేసినపుడు అది −0.763 అయినది. నగరము అదే, పిల్లలు వారే, అద్దెలు అవే. గీతలు మాత్రము మారినవి.

దీనికి కారణము సులభమే. సగటు తీసినపుడు చిన్న చిన్న ఎగుడుదిగుడులు ఒకదానితో ఒకటి కొట్టుకొనిపోయి పెద్ద వాలు మాత్రము మిగులుతుంది. ధమనిలోను ఇంతే. వంపుకు లోపలి ప్రక్క, బయటి ప్రక్క అని రెండు ముక్కలు చేస్తే సిద్ధాంతమునకు అనుకూలముగా కనబడినది, చుక్క చుక్కగా చూచినపుడు మాయమగుటకు ఆస్కారమున్నది. ఎన్ని భాగములు, ఏ హద్దులు అన్నది ఫలితము చూడకముందే నిర్ణయించుకొని ప్రకటించని పత్రములోని గుణకమును అంతగా నమ్మరాదు.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఒక చిన్న ప్రయోగము ఈ విషయమును విద్యార్థులకు కళ్ళకు కట్టిస్తుంది. అట్టతో రెండు వృత్తములు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, కత్తిరించి ఒకే కేంద్రమువద్ద గుండుసూది గ్రుచ్చవలెను. ప్రతి అట్ట అంచును 24 సమభాగములు చేయవలెను. ఇవి ధమనిని అడ్డముగా కోసినపుడు కనబడే చుట్టుకొలతలోని 24 స్థానములు. పెద్ద అట్టమీద ఒరిపిడి విలువలు, చిన్న అట్టమీద వ్యాధి మందము వ్రాయవలెను. రెండూ నెమ్మదిగా పెరిగి తరుగుతూ ఉండవలెను.

అట్టలు ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి మొదట సహసంబంధ గుణకము కట్టవలెను. తరువాత చిన్న అట్టను ఒక్కొక్క భాగము చొప్పున త్రిప్పుతూ ప్రతిసారి మరల కట్టవలెను. మొత్తము 24 గుణకములు వస్తాయి. పొరుగు విలువల పోలిక ఏ త్రిప్పులోను చెడదు. రెండు పటముల మధ్య ముడి మాత్రమే తెగుతుంది. అసలు స్థానములోని గుణకము 24లోను అన్నింటికంటె పెద్దదైనా, యాదృచ్ఛికముగా అట్లు జరుగుటకు 24లో 1 వంతు, అనగా 4 శాతమునకు కొంచెము పైన, అవకాశమున్నది. ఒక్క ధమనిలోని ఒక్క చుట్టునుండి ఇంతకంటె గట్టి సాక్ష్యము ఈ పరీక్షలో రాదు. చుక్కలను స్వతంత్రములుగా భావించి సాధారణ పట్టికలు చూచినవారికి అదే సమాచారమునుండి వేయింట ఒకటి, పదివేలలో ఒకటి అనే ఆడంబరపు అంకెలు వస్తాయి.

మరి సాక్ష్యము పెంచుట ఎట్లు? ధమనుల సంఖ్యను పెంచవలెను. ఒక్కొక్క జంతువునుండి లేదా మనిషినుండి ఒక్కొక్క గుణకము తీసి, ఆ గుణకములను పరిశీలించవలెను. ఎనిమిది జంతువులలోను గుణకపు గుర్తు సిద్ధాంతము చెప్పిన వైపే ఉంటే, అది కేవలము యాదృచ్ఛికమగుటకు 256లో 1 వంతు అవకాశము మాత్రమే.

అయితే ఇక్కడ కూడా తొందరపడరాదు. ఎనిమిది కుందేళ్ళకూ బృహద్ధమని ఒకే విధముగా వంగి ఉంటుంది. వంపు లోపలి ప్రక్క ఒరిపిడితోపాటు గోడ సాగుదల, మందము వంటివి కూడా వేరుగా ఉండవచ్చును. పొలములో ఎరువు ప్రయోగము చేసేవారు ఏ మడికి ఏ ఎరువు అన్నది చీట్లు వేసి నిర్ణయించగలరు. ధమనిలో ఏ చోట ఎంత ఒరిపిడి అన్నది ప్రకృతి ముందే నిర్ణయించినది, మన చీట్లు అక్కడ చెల్లవు. కాబట్టి జంతువుల సంఖ్య యాదృచ్ఛికమును తొలగించగలదు గాని, ఒకే చోట కలిసి ఉండే కారణములను విడదీయజాలదు.

ముందేది, వెనుకేది?

మరొక చిక్కు కాలమునకు సంబంధించినది. చాలా పరిశోధనలలో ఒరిపిడిని గణించినది వ్యాధి వచ్చిన తరువాతి ఆకారములోనే. క్రొవ్వు పేరుకొని దారి ఇరుకైనపుడు ఒరిపిడి దానంతట అదే మారుతుంది. ప్రవాహము అంతే ఉండి వ్యాసార్ధము 20 శాతము తగ్గినదనుకొందము. 0.8 యొక్క ఘనము 0.512. కనుక ఒరిపిడి దాదాపు రెట్టింపవుతుంది. తక్కువ ఒరిపిడి వలన మొదలైన వ్యాధి కూడా ఈనాడు కొలిస్తే ఎక్కువ ఒరిపిడి ఉన్న చోట కనబడవచ్చును. ఇంకొక వంక, గోడ మందమెక్కుతున్నప్పుడు ధమని బయటికి ఉబ్బి, చాలాకాలము దారి ఇరుకు కాకుండ కాపాడుకొంటుందని గ్లాగోవ్ 1987లో చూపినాడు. ఇట్టి ధమనిలో కొలిచిన ఒరిపిడి వ్యాధిని మొదలుపెట్టిన ఒరిపిడి అని చెప్పజాలము. చుక్క చుక్క పోలికలు విఫలమగుటకు ఇది కూడా కొంత కారణము కావచ్చును. విమర్శకులు కూడా దీనిని మరువరాదు.

సిద్ధాంతము పక్షమున చెప్పవలసినది

న్యాయముగా ఆలోచిస్తే, సిద్ధాంతము పక్షమున పటముల పోలికకంటె గట్టి సాక్ష్యములు కొన్ని ఉన్నవి. 2006లో చెంగ్, ఆమె సహచరులు ఎలుకల కరోటిడ్ ధమనికి ఒక ప్రక్క సన్నగిల్లే చిన్న తొడుగు తొడిగినారు. తొడుగుకు ఎగువన ఒరిపిడి తగ్గినది, దిగువన ఊగిసలాడినది. ఆ రెండు చోట్లలోను మచ్చలు ఏర్పడినవి. ఎగువ మచ్చలు మరింత పెద్దవి, చిట్లిపోయే స్వభావము కలవి. ఇక్కడ ఒరిపిడిని ప్రయోగకర్తలు స్వయముగా మార్చినారు. అందువలన ఈ ఒక్క ప్రయోగము పటములలోని వేల చుక్కలకంటె విలువైనది.

మనుషులలో జరిగినది 2012లో వెలువడిన ప్రిడిక్షన్ అనే అధ్యయనము. జపానులో 506 మంది హృద్రోగులను తీసికొని, హృదయ ధమనులలో ఒరిపిడిని ముందుగా గణించి, కొన్ని నెలల తరువాత 374 మందిని మరల పరీక్షించినారు. ముందు ఒరిపిడి, తరువాత మార్పు అన్న క్రమమును పాటించుట దీని గొప్ప. అప్పటికే క్రొవ్వు ఎక్కువగా ఉండి, ఒరిపిడి తక్కువైన చోట్ల వ్యాధి పెరిగినట్లు తేలినది. కాని చికిత్స చేయవలసినంతగా ముదిరే చోట్లను ముందే చెప్పుటలో ఈ సూచికలన్నీ కలిసి ‘ఔను’ అన్నపుడు నిజమైనది 41 శాతమే. ‘కాదు’ అన్నపుడు నిజమైనది 92 శాతము. ‘ఔను’ అన్న నూటికి 59 చోట్ల జోస్యము తప్పినది. పైగా ఇది ఉన్న వ్యాధి పెరుగుటను గురించినది. ఆరోగ్యమైన గోడలో వ్యాధి మొదలగుట వేరు ప్రశ్న.

ఒరిపిడి పటము చూచి రోగికి చికిత్స నిర్ణయించే రోజు వచ్చినపుడు ఈ తేడాలు కాగితముమీది తగవులుగా ఉండవు. తప్పుగా లెక్కించిన నమ్మకము వలన అక్కరలేని చోట చికిత్స జరుగవచ్చును, అవసరమైన చోటును విడిచిపెట్టవచ్చును.

పైఫర్ మొదలైనవారు 2013లోనే ప్రవాహము అడ్డదిశలకు మళ్ళే తీరును కొలిచే ఒక క్రొత్త సూచికను ప్రతిపాదించినారు. అది ఆలోచింపదగినదే. కాని పాత సూచికలకు వర్తించే నియమమే దానికి కూడా వర్తించవలెను. పది సూచికలు ప్రయత్నించి కుదిరిన ఒక్కదానిని ప్రకటిస్తే, అది కుదరడములో వింత ఏమీ లేదు. క్రొత్త సూచిక గట్టిదని చెప్పుటకు దానిని వెదకుటకు ఉపయోగించని వేరే ధమనులలో పరీక్షించవలెను.

ఆ సమీక్ష కోరినది కూడా ఇటువంటిదే: ఆరోగ్యస్థితినుండి మొదలుపెట్టి కొన్నాళ్ళపాటు అవే ధమనులను గమనించుట, లేదా చాలా ఆరోగ్యవంతమైన ధమనులనుండి సగటు ప్రవాహ పటమును తయారుచేయుట, ఏది చేసినా తగిన సాంఖ్యక పద్ధతులతో చుక్క చుక్కను పోల్చుట.

పటము చూపి సంబంధమున్నదని చెప్పే ఏ పరిశోధన కనబడినా విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేయుట నేర్చుకొనవలెను. ఇక్కడ లెక్కపెట్టినది చుక్కలనా, ధమనులనా? భాగముల హద్దులు ఎవరు, ఎప్పుడు గీసినారు? కారణమును కొలిచినది కార్యమునకు ముందా, తరువాతా? ప్రకటించిన సూచికకు వెనుక ప్రయత్నించి విడిచిపెట్టినవి ఎన్ని? వ్యాధి పటములకే కాక వానపాతము, పంటలు, జనాభా పటములకు కూడా ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. వీటికి సమాధానము దొరికే వరకు, తక్కువ ఒరిపిడి సిద్ధాంతమును బలమైన ఊహగా బోధించవలెను గాని, ఋజువైన సత్యముగా బోధింపరాదు.